నిద్రలో ఎవరి వాటా ఎంత?

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. బాగానే ఉంది. కానీ నిద్ర పట్టనివాడి సంగతి వాళ్ళు చెప్పలేదు. వాడికి పట్టుపరుపు కూడా ముళ్ళకంపే. పెద్దవాళ్ళకు నిద్ర పట్టకపోవడానికి కారణాలు బోలెడు. అప్పులు, పంటలు, పిల్లల పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పులు. లేచి కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి, గోడగడియారాన్ని నాలుగు తిట్టి మళ్ళీ నడుం వాలుస్తారు. పిల్లల సంగతి అలా కాదు. తొమ్మిదేళ్ళ పిల్లకు అర్ధరాత్రి మెలకువగా ఉంటే లోకమంతా తనను ఒక్కదాన్నే వదిలేసి ఎటో వెళ్ళిపోయినట్టుంటుంది. ఆరేళ్ళు దాటిన పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు లెక్క చెబుతారు. లెక్క చెప్పడం తేలిక. పట్టించడమే కష్టం.

అందుకే కాబోలు, పిల్లలకోసం మాయలూ మంత్రాలూ రాసేవాళ్ళకు రాత్రి అంటే అంత మక్కువ. నిద్ర పట్టని పిల్ల, కిటికీలోంచి వచ్చే వింతమనిషి, ఒక స్నేహం, ఒక మంత్రం. ఈ నాలుగూ ఉంటే కథ నడిచిపోతుంది. నడుస్తుంది సరే, ఎక్కడికి నడవాలి? నిద్ర పట్టని పిల్ల కథలో మంత్రం చేయవలసిన పని ఏమిటి? ఆ పిల్లను నిద్రపుచ్చడమేనా, మరేదైనా ఉందా? నా మటుకు నాకు ఈ రకం పుస్తకాలన్నిటినీ తూచడానికి ఈ ఒక్క ప్రశ్న చాలుననిపిస్తుంది.

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదండీ. మాది పాలంపేట. రామప్ప గుడి ఊరంటే మీకు ఇట్టే తెలుస్తుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. 2021లో యునెస్కోవారు మా గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన తర్వాత పగలంతా సందడే గానీ, సాయంత్రం యాత్రికుల బస్సులు వెళ్ళిపోయాక చెరువు మీది గాలి తప్ప మరో చప్పుడుండదు. నిద్రపోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? అయినా మా ఇంట్లో తొమ్మిదేళ్ళ మనవరాలొకతె రాత్రి ఒంటిగంట దాకా కళ్ళప్పగించి పైకప్పును చూస్తూ ఉండేది. మా అబ్బాయీ కోడలూ హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తారు. కోడలిది పగటి పని. అబ్బాయిది రాత్రి పని. అమెరికావాళ్ళకు తెల్లవారితే వీడు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడి పలకరించుకోవడమే కాపురం. అందుకని ఈ ఏడు పిల్ల మా దగ్గర ఉండి చదువుకుంటోంది.

ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. పిల్లకు నిద్ర పట్టకపోతే నా దగ్గరున్న మందు కథే. అలా రాత్రిళ్ళు వినిపించిన వాటిలో ఒక మూడింటిని గురించి ఇక్కడ చెబుతాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు కూడా చెబుతాను. విమర్శ ఎక్కువ పాలు ఆ ప్రశ్నల్లోనే ఉంది.

మొదటిది ఇంగ్లీషువాళ్ళ పుస్తకం. రోల్డ్ డాల్ రాసిన 'ది బీఎఫ్‌జీ'. 1982లో అచ్చయింది. బొమ్మలు క్వెంటిన్ బ్లేక్ వేశాడు. బీఎఫ్‌జీ అంటే బిగ్ ఫ్రెండ్లీ జయంట్. మన మాటల్లో, మంచి రాకాసి. సోఫీ అనే అనాథ పిల్లకు ఒక రాత్రి నిద్ర పట్టదు. తెర సందులోంచి వెన్నెల గీత సరిగ్గా ఆమె తలగడ మీద పడుతూ ఉంటుంది. అనాథాశ్రమంలో దీపాలార్పాక మంచం దిగితే శిక్ష. అయినా తెర సరిచేద్దామని లేచి, కిటికీలోంచి బయటికి చూస్తుంది. నిర్మానుష్యమైన వీధిలో ఇరవైనాలుగడుగుల మనిషి ఒకడు పొడుగాటి బాకాతో ఇళ్ళ కిటికీల్లోకి ఏదో ఊదుతూ కనిపిస్తాడు. తనను చూసిందని ఆమెను ఎత్తుకుపోతాడు. తీరా చూస్తే అతను ఊదేది కలలు. వలవేసి పట్టి, సీసాల్లో దాచి, నిద్రపోయే పిల్లల గదుల్లోకి మంచి కలల్ని వదిలి వస్తుంటాడు. తోటి రాకాసులు మనుషుల్ని తింటుంటే ఈ మహానుభావుడు నోట పెట్టుకోలేని ఒక పాడు దోసకాయ తిని బతుకుతాడు.

ఎంత చక్కని ఊహో చూడండి! అంతకన్నా చక్కనిది కథ మధ్యలో ఉంది. రాకాసుల్ని అడ్డుకోవాలంటే ఇంగ్లండు రాణిని నమ్మించాలి. అందుకు సోఫీ, రాకాసి కలిసి ఒక పీడకలను కలిపి తయారుచేసి రాణి గదిలోకి ఊదుతారు. రాణి ఉలిక్కిపడి లేచేసరికి కలలో చూసిన పిల్లే కిటికీ గట్టు మీద కూర్చుని ఉంటుంది. అంటే ఈ పుస్తకంలో అన్నిటికంటే గొప్ప మంత్రం నిద్రపుచ్చే మంత్రం కాదు, మేలుకొలిపే మంత్రం. పెద్దలు మొద్దునిద్ర పోతుంటే పిల్లల్ని రాకాసులు తింటారని డాల్ చెప్పకుండానే చెప్పాడు. ఈ పుస్తకాన్ని ఆయన తన పెద్దకూతురు ఒలీవియాకు అంకితమిచ్చాడు. ఆ పిల్ల 1962లో, ఏడేళ్ళ వయసులో, తట్టు సోకి అది మెదడుకు పాకి పోయింది. ఆ సంగతి తెలిశాక, రాత్రిపూట పిల్లల కిటికీల దగ్గర మంచి కలలు పట్టుకుని తిరిగే ఆ ఒంటరి మనిషి నవ్వులాటకు పుట్టినవాడు కాడని అర్థమవుతుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం కూడా చెప్పాలి. దాన్ని పట్టుకున్నది మా మనవరాలు. నాకొచ్చిన తెలుగులో కథంతా చెప్పి, రాకాసులంతా గోతిలో పడ్డారనీ, మంచి రాకాసికి పెద్ద ఇల్లూ, దాని పక్కనే సోఫీకి చిన్న ఇల్లూ కట్టించారనీ ముగించి, భుజం తట్టాను. ఆ పిల్ల కళ్ళార్పకుండా, "గా సోఫీకి మల్ల నిద్ర పట్టిందా తాతా?" అంది.

నిజమే కదండీ! నిద్ర పట్టకపోవడంతో మొదలైన కథలో ఆ నిద్ర ఏమైందో చెప్పాలా వద్దా? సాహసం పెద్దదయ్యేసరికి డాల్‌కు ఆ చిన్న బాధ కథ నడిపే మిష తప్ప మరేమీ కాకుండా పోయింది. తలుపు తీయడానికి తాళంచెవి వాడి, తర్వాత దాన్ని మూలకు విసిరేసినట్టు. నిద్ర పట్టక ఆ పుస్తకం పట్టుకున్న పిల్లలకు మాత్రం అది తాళంచెవి కాదు, అదే ఇల్లు.

రెండోది మన చందమామ సరుకు. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్స్. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' అంటూ పాతికేళ్ళపాటు తెలుగు పిల్లల్ని అడవులూ గుహలూ తిప్పినాయన. ఆ రోజుల్లో సీరియల్ మీద ఆయన పేరుండేది కాదు. రాసినవాడెవడో తెలియకుండానే మూడు తరాలు చదివాయి. 2010లో ఆయన పోయారు. 1947లో పుట్టిన చందమామ కూడా ఇప్పుడు లేదు. సీరియల్స్ మాత్రం పుస్తకాలుగా వచ్చాయి. వాటిలోంచి నేను 'శిథిలాలయం' తీశాను. మా ఊరి పిల్లకు ఆ పేరు విడమరచి చెప్పక్కర్లేదు. రామప్ప చుట్టుపక్కల పొదల్లో, చెరువు గట్టున, రాళ్ళు ఊడిన చిన్న గుళ్ళు ఆ పిల్ల రోజూ చూస్తూనే ఉంటుంది.

దాసరివారి కథల్ని మంత్రగాళ్ళ కథలనడం వాడుక. నాకు అవి జంటల కథలనిపిస్తాయి. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒక్కడే వెళ్ళి రాకుమారిని తెచ్చుకునే పాత జానపద కథానాయకుడు ఈయన చేతిలో ఇద్దరయ్యాడు. ఎందుకయ్యాడు? మాటామంతీ నడపడానికి ఇద్దరుంటే రచయితకు సుఖమని మీరనవచ్చు. అదీ ఉంది. కానీ అడవిలో రాత్రి పడితే ఒక్కడు ఏంచేస్తాడు? ఒక్కడైతే నిద్రపోకూడదు. ఇద్దరైతే ఒకడు కునుకు తీయవచ్చు. దాసరివారి లోకంలో స్నేహమంటే పెద్ద పెద్ద ప్రమాణాలు కాదు, వంతులు. ఆపద వచ్చినప్పుడు ఎవరు ముందుకు దూకాలి, ఎవరు వెనక కాపు కాయాలి. ఆ వంతుల మీదే మాంత్రికుల మాయలన్నీ ఓడిపోతాయి. మాంత్రికుడికి శిష్యులుంటారు, బానిసలుంటారు. వంతు పంచుకునేవాడు మాత్రం ఉండడు.

దీన్ని కూడా పిల్లే ముందు పసిగట్టింది. రెండో రాత్రో మూడో రాత్రో, "ఇద్దర్ల ఎవరు ముందుగాల పండుకుంటరు తాతా?" అని అడిగింది. యుద్ధం ఎవరు గెలుస్తారని అడగలేదు చూశారా.

అయితే ఈ సీరియల్స్ నిద్రకు మందా అంటే, అస్సలు కాదు. ప్రతి భాగమూ ఎవరో ఒకరి గొంతు మీద కత్తి పెట్టి 'ఇంకా ఉంది' అని ఆగిపోతుంది. నెల్లాళ్ళు ఆ కత్తి కింద పిల్లలు పడుకోవాలి. పత్రిక అమ్ముడుపోవడానికి అది మంచిదే. నిద్రకు మంచిది కాదు. మరో లోపం ఇంకా పెద్దది. నేను చెప్పిన జంటలన్నీ మగ జంటలే. రాత్రి అడవిలో మేలుకునే వంతు ఆడపిల్లకు ఇచ్చినట్టు లేదు. మా మనవరాలు విక్రమకేసరి పేరు తీసేసి తన పేరు పెట్టి చదవమంది. చదివాను. కథకేమీ నష్టం రాలేదు.

చందమామలోనే ఇంకొక నిద్రలేని మనిషి ఉన్నాడు. భుజాన శవం, చేత కత్తి పట్టుకుని శంకర్‌గారి బొమ్మలో నడిచే విక్రమార్కుడు. నెలనెలా శ్మశానానికి పోవడం, బేతాళుడి కథ వినడం, నోరు విప్పడం, శవం చెట్టెక్కడం. ఆలోచిస్తే నిద్ర పట్టని రాత్రికి అంతకంటే సరైన బొమ్మ లేదు. పట్టు దొరికిందనుకునేలోగా జారిపోతుంది. కానీ అక్కడ వాళ్ళిద్దరూ స్నేహితులు కారు. ఒకడు మోస్తాడు, ఒకడు ప్రశ్నిస్తాడు. వంతులు మారవు. అందుకే ఆ కథ తెల్లవారదు.

ఇలా వంతుల గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం గుడికి వెళ్ళాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. శివుడికెదురుగా నంది ఉంది. చూసినవారికి తెలుస్తుంది, అది పడుకున్న నంది కాదు. చెవులు రిక్కించి, యజమాని పిలిస్తే ఉన్నపళంగా లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఉంటుంది. మనవరాలు దాని చుట్టూ తిరిగి, "ఇది ఎన్నడు పండుకుంటది?" అంది. ఎనిమిదివందల ఏళ్ళనుంచి మేలుకునే ఉంది బిడ్డా అన్నాను. "అయితే లోపల దేవుడు పండుకుంటడా?" అని వెంటనే ప్రశ్న. సమాధానం కోసం తడుముకుంటుంటే, అసలు మాట అప్పుడు బయటపెట్టింది. "బాపు రాత్రంత మేలుకోని పనిజేస్తడు గద. నేనెట్ల పండుకోవాలె?"

పిల్ల భయపడుతోందని మేమనుకున్నాం. పిల్ల తోడు ఉంటోంది. అరవై కోసుల అవతల తండ్రి మేలుకుని ఉన్నాడని ఇక్కడ తనూ మేలుకుంటోంది. దీనికి వెన్నెల తెర సరిచేస్తే లాభం లేదు, మంచి కల ఊదినా లాభం లేదు.

ఈ మాట నేను అంతకుముందు ఎక్కడో విన్నాననిపించింది. రామాయణంలో గంగ ఒడ్డున గుహుడు లక్ష్మణుణ్ణి పడుకోమంటాడు. మేం కాపలా కాస్తామంటాడు. అన్న నేలమీద పడుకుని ఉంటే నాకు నిద్రెక్కడిదని లక్ష్మణుడు ఆ రాత్రి మేలుకునే ఉంటాడు. వాల్మీకి అక్కడితో ఊరుకున్నాడు. మన తెలుగు ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఒక రాత్రి సరే, పద్నాలుగేళ్ళ నిద్ర ఏమైందయ్యా అని లెక్క అడిగారు. ఆ లెక్కలోంచి పుట్టినవే 'లక్ష్మణదేవర నవ్వు', 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాటలు. నేను మూడోదిగా చెప్పిన కథ అదే.

అడవికి వెళ్ళిన లక్ష్మణుడి దగ్గరికి నిద్ర ఒక స్త్రీ రూపంలో వస్తుంది. పద్నాలుగేళ్ళు నా జోలికి రాకు, నా వాటా ఊర్మిళకు ఇవ్వు అని అతను కోరతాడు. నిద్ర ఒప్పుకుంటుంది. గడువు తీరాక, పట్టాభిషేకపు నిండు సభలో, మాట ప్రకారం లక్ష్మణుడి దగ్గరికి తిరిగొస్తుంది. ఆమెను చూసి అతను ఫక్కున నవ్వుతాడు. ఆ నవ్వు ఎందుకో ఎవరికీ తెలియదు. సభలో ప్రతివాడూ తన గుట్టు తలుచుకుని, నన్ను చూసే నవ్వాడని తల దించుకుంటాడు. శివుడంతటివాడు కూడా నెత్తిమీది గంగను తలుచుకుంటాడు. విభీషణుడికీ సుగ్రీవుడికీ అన్నల సంగతులు గుర్తొస్తాయి. ఇంతకన్నా మంచి హాస్యం ఏ దేశపు పిల్లల పుస్తకంలో ఉందో చెప్పండి.

హాస్యం అలా ఉంచి మంత్రం సంగతి చూడండి. ఇక్కడ నిద్ర మాయమైపోదు. ఒకరు వదులుకుంటే ఇంకొకరు పుచ్చుకోవాలి. ఇచ్చిపుచ్చుకునే ధాన్యంలా దానికి కొలత ఉంది, గడువుంది, పద్దు ఉంది. డాల్ కథలో కల కానుక. ఎవరో ఊదుతారు, మనం అందుకుంటాం. మన పాటలో నిద్ర వాటా. నువ్వు నిద్రపోతున్నావంటే ఎవరి బదులో పోతున్నావు. నువ్వు మేలుకున్నావంటే ఎవరి బదులో మేలుకున్నావు. నాకు తెలిసినంతలో నిద్రను స్నేహంతో ఇంత గట్టిగా ముడివేసిన కథ మరొకటి లేదు.

మా మనవరాలు నవ్వవలసిన చోట పడీపడీ నవ్వింది. తర్వాత కాసేపు ఊరుకుని, "ఊర్మిళమ్మను ఎవరన్న అడిగిండ్రా?" అంది.

కథలోని లోపమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అడగలేదు. పద్నాలుగేళ్ళ నిద్ర ఆమె నెత్తిన పెట్టినవాళ్ళు ఆమె మాట అడగలేదు. పాట కట్టిన ఆడవాళ్ళకు అది తెలియక కాదు. అందుకే 'ఊర్మిళాదేవి నిద్ర'లో లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుంటే ఆమె గుర్తుపట్టదు. ఎవరో పరాయివాడనుకుని గద్దిస్తుంది. అడగకుండా పెట్టిన నిద్ర మనిషిని మనిషికి పరాయి చేసిందని వాళ్ళు ఎంత నెమ్మదిగా అన్నారో! స్నేహంలో వంతులుండాలి సరే. వంతు వేసేముందు అడగాలి కూడా.

నేను మా అబ్బాయికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. మర్నాడు వాడు పనిలో కూర్చునేముందు కూతురితో మాట్లాడాడు. "నాకు పొద్దుందాక పండుకునుడు కుదరదు బిడ్డా. నా వాటా గూడ నువ్వు పండుకుంటవా?" అని అడిగాడు. పిల్ల చాలాసేపు ఆలోచించి, ఆదివారం మాత్రం వాటా వాపసు తీసుకోవాలని షరతు పెట్టి ఒప్పుకుంది. ఆ రాత్రే గాఢంగా నిద్రపోయిందని రాస్తే కథ బాగుంటుంది గానీ నిజం కాదు. పదకొండు దాకా అటూ ఇటూ దొర్లింది. కానీ ఒంటిగంట నుంచి పదకొండుకు రావడం చిన్న సంగతి కాదు. పైకప్పును చూడడం మానేసింది. ఇప్పుడు నిద్ర అంటే ఆ పిల్లకు ఒప్పుకున్న పని.

పుస్తకాల దగ్గరికి వస్తాను. పిల్లల రాత్రుల గురించి రాసేవాళ్ళు మంత్రదండం తిప్పి నిద్రపుచ్చితే పిల్లలు నమ్మరు. సాహసంలో పడి నిద్ర మాటే మరిచిపోతే క్షమించరు. పిల్ల ఎందుకు మేలుకుందో రచయిత ముందు తెలుసుకోవాలి. ఎవరికోసం మేలుకుందో తెలుసుకుంటే ఇంకా మంచిది. డాల్ పుస్తకంలో రాత్రిపూట తిరిగే మంచితనం ఉంది. దాసరివారి దగ్గర వంతులు పంచుకునే స్నేహం ఉంది. మన ఆడవాళ్ళ పాటలో నిద్రకు పద్దు ఉంది. ఈ మూడూ కలిపి, ఆడపిల్లకు కూడా కాపలా వంతు ఇచ్చి, వంతు వేసేముందు ఆమెను అడిగి, ఎవరైనా తెలుగులో ఒక నవల రాస్తే బాగుండును. రాత్రి ఉద్యోగాల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, ఆ ఇళ్ళల్లో కళ్ళు తెరుచుకుని పడుకున్న పిల్లలు ఎందరున్నారో ఎవరు లెక్కపెట్టారు? చోటు కావాలంటే మా ఊరు ఉంది. చెరువుంది, పొదల్లో గుళ్ళున్నాయి, నిద్రపోని నంది ఉంది.

రాయబోయేవాళ్ళకు ఇంతకంటే సలహా ఇవ్వలేను. ఇక ఈ నాలుగు మాటలు చదువుతూ మధ్యలోనే కునుకు తీసిన పాఠకులెవరైనా ఉంటే, వారిమీద నాకు కోపమేమీ లేదు. నిశ్చింతగా పడుకోండి. ఈ వంతు నాది.